అక్క చెప్పిన వాసన

మా అక్కకు మూత్రపిండాలు రెండూ చెడిపోయిన సంవత్సరం బావ కారు కొన్నాడు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఉన్న బండ్లు రెండే: ఒక ట్రాక్టరు, బావ పొలానికి వెళ్లే మోపెడ్. కారు మీద ఆయనకెప్పుడూ ఆశ లేదు.

డయాలిసిస్‌కు మాకు వంతు దొరికింది విరుదునగర్‌లో. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఏడింటికల్లా అక్క అక్కడ మంచం మీద ఉండాలి. బావ ఊరు, తమిళనాడులోని మా తెలుగువాళ్ల పల్లె, కోవిల్‌పట్టికి పడమటి దిక్కున, నల్లరేగడి పొలాల మధ్య ఉంది. అక్కడినుంచి కోవిల్‌పట్టికి వచ్చి, హైవే ఎక్కి, సాత్తూరు దాటి వెళ్లాలి. మొదటి రెండు నెలలూ బస్సులోనే తిరిగారు. వెళ్లేటప్పుడు ఎలాగో కూర్చునేది. వచ్చేటప్పుడు, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి ఒంట్లో సత్తువంతా పోయాక, కూర్చోలేకపోయేది. ఒకసారి సాత్తూరు బస్టాండులో బస్సు మలుపు తిరుగుతుంటే సీటులోంచి జారి కిందపడింది. ఆ వారమే బావ కోయంబత్తూరు వెళ్లి, అక్కడ మిల్లు నడిపే దాయాది దగ్గరున్న పాత కారు తెచ్చుకున్నాడు. పెద్ద విదేశీ కారు. వెనక సీటు చిన్న మంచమంత ఉండేది. అక్క కాళ్లు ముడుచుకుని పడుకోవడానికి సరిపోయేది. ఆయన కొన్నది ఆ సీటును చూసే.

నేను కోవిల్‌పట్టిలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. కార్లకు, లారీలకు వైరింగు చేస్తాను, బ్యాటరీలు అమ్ముతాను, మారుస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నా చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర చిన్నచిన్న చిల్లులుంటాయి. బ్యాటరీని పొట్టకు ఆనించి మోస్తాం కాబట్టి, చుక్క యాసిడ్ తగిలినా రెండు ఉతుకులకు గుడ్డ అక్కడ పిగిలిపోతుంది. మా ఆవిడ కుట్టడం ఎప్పుడో మానేసింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు.

"అప్పా, కారు కదలటంలే. చావి తిప్పితే దీపం కూడా వెలగటంలే. రేపు శనివారం. నీ వల్ల అయితాదా, లేకుంటే మదురైకి చెప్పేదా?"

ఆ మదురై మాట నాకు కొంచెం తగిలింది. "నేనుండంగా మదురై ఏమిటికి బావా? వస్తుండా" అన్నాను. కారు సైజు గుర్తు తెచ్చుకుని, దానికి సరిపోతుందనిపించిన మామూలు బ్యాటరీ ఒకటి బండికి కట్టుకుని బయలుదేరాను.

వెళ్లి బానెట్ ఎత్తితే లోపల బ్యాటరీ లేదు. అటూ ఇటూ చూశాను, ఎక్కడా లేదు. బావ చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

"ఏమప్పా, యాడ ఉండాది?"

"ఉండండి బావా."

అక్క వాకిట్లో తిన్నె మీద కూర్చుని ఉంది. నీళ్లు కొలిచి తాగాలని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆమె దగ్గర చిన్న స్టీలు గ్లాసు ఒకటి ఉండేది. అందులోంచి ఒక్కొక్క గుక్కే తాగుతూ నవ్వింది. "మీ బావని బాగా ఏమార్చినారురా. బ్యాటరీ లేని కారుని కట్టిచ్చి పంపినారు."

మదురైలో ఉన్న తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఆ రకం కార్లకు బ్యాటరీ వెనక డిక్కీలో, అడుగున ఉంటుందని అతను చెప్పాడు. డిక్కీ తాళమేమో కరెంటుతో పనిచేస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే డిక్కీ తెరుచుకోదు, డిక్కీ తెరుచుకోకపోతే బ్యాటరీ అందదు. బానెట్ కింద మూలగా ఎర్ర మూత ఒకటి ఉంటుందని, దాని కింద కరెంటు ఎక్కించే చోటు ఉంటుందని కూడా అతనే చెప్పాడు. నేను తెచ్చిన బ్యాటరీని అక్కడ తగిలించగానే వెనక డిక్కీ టక్కుమని తెరుచుకుంది. బావ మొహంలో కళ వచ్చింది.

కార్పెట్ ఎత్తి, స్టెప్నీ టైరు పక్కనున్న ప్లాస్టిక్ మూత తీశాను. బ్యాటరీ అక్కడుంది. దాని పక్క నుంచి చిటికెన వేలంత సన్నటి రబ్బరు గొట్టం బయలుదేరి కారు అడుగు రేకులోని రంధ్రంలోకి పోతోంది.

ఈ గొట్టం గురించి చెప్పాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు ఏ బ్యాటరీ అయినా కొంత గ్యాస్ వదులుతుంది. బానెట్ కిందైతే గాలికి కొట్టుకుపోతుంది, ఎవరికీ బాధ లేదు. డిక్కీ అలా కాదు. డిక్కీకీ వెనక సీటుకూ మధ్య ఉండేది ఒక అట్ట, కొంచెం దూది. అందుకే అక్కడ పెట్టే బ్యాటరీలు వేరు. అన్ని వైపులా మూసేసి ఒక పక్క మాత్రం చిన్న రంధ్రం ఉంచుతారు. ఆ రంధ్రానికి ఈ గొట్టం తొడిగితే వచ్చే గ్యాస్ కారు కింద నుంచి బయటికి పోతుంది. నేను తీసుకెళ్లిన మామూలు బ్యాటరీకి అలాంటి రంధ్రం లేదు. దాని గ్యాస్ పైనున్న మూతల్లోంచి వస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

సరైన బ్యాటరీ మదురై నుంచి రావాలంటే సోమవారం అవుతుంది. తెల్లవారితే శనివారం. మిషన్ ఒక్కరోజు తప్పితే అక్క మొహం ఉబ్బిపోయి ఊపిరాడదు. నేను చూశాను. అద్దె కారు మాట్లాడవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు, డిక్కీ తెరుచుకుంది, చేతిలో బ్యాటరీ ఉంది. దాన్ని ఆ గుంటలో దించాను. కొంచెం వదులుగా ఉంటే పక్కన చెక్కముక్క దూర్చాను. గొట్టానికి తొడిగే చోటు లేదు కాబట్టి కార్పెట్ కిందికి తోసేశాను.

చావి తిప్పితే కారు పలికింది.

కొత్త బ్యాటరీ పెట్టాక మీటరు తగిలించి, ఇంజను ఎంత ఛార్జి ఇస్తోందో చూడాలి. రెండు నిమిషాల పని. మీటరు నా బండి పెట్టెలోనే ఉంది. అక్క అప్పటికే లోపలికి వెళ్లి కంచం పెట్టింది. "రారా, చల్లారిపోతాది" అని పిలిచింది. నేను చేతులు కడుక్కుని వెళ్లిపోయాను. చూసి ఉంటే ఆ పాత బ్యాటరీ ఎందుకు చచ్చిందో అప్పుడే తెలిసేది. ఛార్జిని అదుపులో ఉంచే భాగం పాడై, ఇంజను బ్యాటరీకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు తోస్తోంది. అలా తోస్తే బ్యాటరీ లోపల నీళ్లు ఉడుకుతాయి.

బయలుదేరేటప్పుడు బావతో, "ఇది రెండు దినాలకే బావా. సోమవారం కంపెనీది వస్తాది, మారుస్తా" అన్నాను.

సోమవారం అది వచ్చింది. దుకాణంలో అల్మారా పైన పెట్టాను. మంగళవారం వాళ్లు విరుదునగర్‌లో ఉన్నారు. బుధవారం నాకు రెండు లారీల పని పడింది. గురువారం మళ్లీ వాళ్లు లేరు. ఆ తర్వాత ముహూర్తాల రోజులు మొదలయ్యాయి, పెళ్లి బండ్లకు దీపాలు కట్టే పనిలో ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఒకరోజు అలాంటి కారే ఒకటి హైవే మీద ఆగిపోయిందని ఎవరో దాన్ని తోసుకుంటూ తెచ్చారు. లోపల ముసలివాళ్లు, పసిబిడ్డ ఉన్నారు. అల్మారా మీది బ్యాటరీ తీసి దానికి పెట్టాను, గొట్టం కూడా శ్రద్ధగా తొడిగాను. అక్కకు మరొకటి తెప్పించాలనుకున్నాను. మర్చిపోయాను.

వాసన సంగతి అక్క మొదట చెప్పింది మూడో వారంలో. ఒక ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు.

"కారులో ఏందో వాసన వస్తుండాదిరా తమ్ముడా. అగ్గిమందు తడిసి కుళ్లినట్టు."

మా వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని తీపెట్టి ఆఫీసు అంటాం. పెళ్లికి ముందు అక్క ఆరేళ్లు తీపెట్టి ఆఫీసులో పనిచేసింది. పుల్లలను చట్రంలో పేర్చేది, పెట్టెలకు లేబుళ్లు అంటించేది. అమ్మ పోయాక నాకు సంకటి కలిపి పెట్టింది ఆ మందు వాసన వదలని చేతులతోనే. ఆ వాసన మీద ఆమె మాటను మించిన మాట మా ఇంట్లో లేదు.

బావ నవ్వేశాడు. "పోయే దావలో సాత్తూరు ఉండాది కదా. ఆడ అంతా తీపెట్టి ఆఫీసులు, టపాకాయలు చేసే వెడి ఆఫీసులే. ఆ వాసన రాకుంటే ఏం వస్తాది?"

"సాత్తూరు దాటినాక కూడా వస్తుండాది."

"నీకు ముక్కులో ఉండిపోతాది. డాక్టరు చెప్పలేదా?"

డాక్టరు నిజంగానే చెప్పాడు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు నోట్లో ఇనుము రుచి తగులుతుందని, లేని వాసనలు కూడా వస్తాయని. అక్క నా వైపు చూసింది. నేను కారు పని తెలిసినవాణ్ణి, తమ్ముణ్ణి. నేనేమైనా అంటానని చూసింది. "డాక్టరు చెప్పిందేలే అక్కా" అన్నాను. ఆ క్షణంలో నాకు గొట్టం గుర్తుకు రాలేదు. వచ్చిందేమో, నేనే పక్కకు తోశానేమో. ఇన్నాళ్లకు ఆ రెండింటిలో ఏది నిజమో నాకే తేలడం లేదు.

తర్వాత తలనొప్పి మొదలైంది. కళ్లు మండుతున్నాయనేది. పొడి దగ్గు పట్టుకుంది. కారు దిగేటప్పుడు మయక్కం వచ్చి, కళ్లు తిరిగి, బావ భుజం పట్టుకునేది. అన్నిటికీ జబ్బు ఉంది కదా, అంతా దాని ఖాతాలోనే వేశాం. బావకు మాత్రం ఏమీ కాలేదు. ఆయనకు ఆకూవక్కా అలవాటు. ఉమ్మడానికి తన పక్క అద్దం సగం దించే ఉంచుతాడు. వెనక అద్దాలు మూసి ఏసీ వేసేది అక్క కోసం, దుమ్ము పడకూడదని.

ఒక గురువారం నేను కూడా వాళ్లతో వెళ్లాను. బావకు జ్వరంగా ఉంటే తోడుగా ముందు సీటులో కూర్చున్నాను. సాత్తూరు దాటాక అక్క వెనకనుంచి, "ఇప్పుడు వచ్చె చూడు. నీకు రాలేదా?" అంది.

ముందుకు బయటి గాలి కొడుతోంది. "లేదక్కా" అన్నాను.

విరుదునగర్‌లో ఆస్పత్రి ముందు ఆగాక, ఆమెను దించడానికి వెనక తలుపు తెరిచాను. లోపలి గాలి నా మొహానికి తగిలింది. ముప్పై ఏళ్లుగా రోజూ నేను పీల్చే గాలి అది. ఆస్పత్రి మందుల వాసన అనుకున్నాను. తలుపు వేసేశాను.

ఏడో వారం, శనివారం పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. అక్కకు మిషన్ మీద ఉండగా రక్తపోటు బాగా పడిపోయిందని, దగ్గు ఆగడం లేదని, రెండు రోజులు అక్కడే ఉంచుతారని. నేను దుకాణం మూసి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అక్క లేచి కూర్చుని ఉంది. వాంతి అయ్యి చీర తడిసింది. ఎప్పుడైనా అవసరం పడుతుందని మార్చుకునే చీర, జాకెట్టు ఒక గుడ్డసంచిలో పెట్టి కారు డిక్కీలో ఉంచేవారు. బావ ఆ సంచి తెచ్చి మంచం మీద పెట్టి మందుల చీటీతో కిందికి వెళ్లాడు. అక్క సంచిలోంచి నూలు చీర తీసి విప్పబోయింది. అది మడతల దగ్గర విడిపోయింది. మళ్లీ లాగితే మళ్లీ చిరిగింది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే చీరంతా చిల్లులు.

"ఏందిరా ఇది? పోయిన నెల పెట్టిన చీర. ఎలక కొరికిందా?"

నా చేతికిచ్చింది. ఎలుక కొరికితే అంచులు నలిగి ఉంటాయి. ఇవి గుండ్రటి చిల్లులు, అంచుల్లో గోధుమరంగు. పొద్దున నేను తొడుక్కొచ్చిన చొక్కాకు కూడా అవే చిల్లులు ఉన్నాయి. ఆమె ఏడు వారాలుగా చెప్పిన మాటలన్నీ, తలనొప్పి, కళ్లమంట, దగ్గు, వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి.

ఆమె నా మొహంలోకే చూస్తోంది. జవాబు కోసం చూస్తోంది.

"అవునక్కా. ఎలకే" అన్నాను.

"కారులో ఎలకా!" అని ఆశ్చర్యపోయింది. నర్సు ఒక దుప్పటి తెచ్చి ఆమెకు చుట్టింది.

కిందికి వెళ్లి డిక్కీ తెరిచాను. ఇక అనుమానానికి చోటు లేదు. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. పైన చెయ్యి పెడితే కాలింది. కార్పెట్ తడిగా, మెత్తగా చేతికి ఊడి వచ్చింది. ఆ వాసనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క చెప్పింది సరిగ్గా చెప్పింది. అగ్గిమందు తడిసి కుళ్లినట్టే ఉంది.

రెండు వీధుల అవతల బ్యాటరీ దుకాణం ఉందని ఎవరో చూపించారు. నడుచుకుంటూ వెళ్లాను. ఆ కారుకు తగిన రకం వాళ్ల దగ్గర ఉంది. స్పానర్లు, మీటరు అడిగితే, ఆ దుకాణం ఆయన తానే వస్తానని నాతో బయలుదేరాడు. నా వయసువాడే, నెమ్మదస్తుడు. ఆస్పత్రి పక్కన వేపచెట్టు కింద, మిట్టమధ్యాహ్నం, ఇద్దరం వంగి పని మొదలుపెట్టాం. ముందు మైనస్ తీశాం, తర్వాత ప్లస్. నేను దూర్చిన చెక్కముక్క యాసిడ్‌కు నల్లబడి నార నారగా ఉంది. దాన్ని ఆయన రెండు వేళ్లతో పైకి తీసి చూశాడు. కార్పెట్ కిందినుంచి గొట్టం లాగాడు.

"ఎవరు సార్ దీన్ని ఇక్కడ పెట్టింది?" అని తమిళంలో అడిగాడు. "వెనక మనుషులు కూర్చునే కారు కదా."

"తెలియదు. ఎవరో" అన్నాను, తమిళంలోనే.

ఆయన నా చొక్కా వైపు ఒకసారి చూసినట్టనిపించింది.

పాత బ్యాటరీని ఇద్దరం పట్టి ఎత్తాం. పక్క టీకొట్టులో ఆప్పసోడా, అదే వంటసోడా, బకెట్టు నీళ్లు అడిగి తెచ్చి గుంటంతా కడిగాను. సోడా పడ్డచోటల్లా బుసబుసమని నురగ పొంగింది. మూడుసార్లు కడిగాక పొంగడం ఆగింది. కొత్త బ్యాటరీ సరిగ్గా ఆ గుంటకు కొలిచినట్టు కూర్చుంది. దాని పక్క రంధ్రానికి గొట్టం తొడిగి, లాగి చూశాను. మళ్లీ లాగి చూశాను. ఇంజను వేసి మీటరు పెడితే పద్నాలుగున్నర వోల్టులు దాటకూడనిది పదహారు దాటి చూపించింది. దుకాణం ఆయన తెలిసిన మనిషిని పిలిపించాడు. సాయంత్రానికి ఛార్జి భాగం కూడా మార్చేశాం.

మధ్యలో బావ మందులతో వచ్చాడు. "ఇప్పుడేమిటికి మారుస్తుండావు? కారు బాగానే పోతుండాదే?"

"కంపెనీ బ్యాటరీ దొరికె బావా. చెప్తిని కదా మారుస్తానని."

"ఈ పొద్దేనా?" అన్నాడు. తర్వాత ఆయన మనసు పైకి, అక్క మీదికి పోయింది. మందుల సంచి పట్టుకుని మెట్లెక్కాడు.

మంగళవారం అక్కను ఇంటికి తెచ్చాం. తర్వాతి వారం ఫోన్‌లో అంది: "ఇప్పుడు వాసన రావటంలేరా. మీ బావ చెప్పిందే సరి. ముక్కులోనే ఉండినట్టుండాది." ఫోన్ పెట్టాక నేను దుకాణం వెనక్కి వెళ్లి, డిస్టిల్డ్ వాటర్ డబ్బాల మధ్య కూర్చున్నాను.

వాసన పోయింది, దగ్గు పోలేదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకసారి నేను ఒంటరిగా డాక్టరును కలిశాను. ఏదైనా గ్యాస్ పీలిస్తే ఇలాంటివాళ్లకు ఏమవుతుందని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి, "ఏ గ్యాస్? ఎక్కడ? ఎన్నాళ్లు?" అన్నాడు. నేను, ఊరికే అడిగానని, మా దుకాణంలో బ్యాటరీలుంటాయని చెప్పాను. "అక్కడికి ఆమెను రానివ్వొద్దు" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వైద్యానికి పనికొచ్చేదేమో. తల ఊపి వచ్చేశాను.

బ్యాటరీ మార్చిన నాలుగు నెలలకు అక్క పోయింది. పొద్దున కారులో ఎక్కబోతూ, తలుపు పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందట. గుండె ఆగిందన్నారు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు అలా అవుతుందన్నారు. అందరూ తల ఊపారు. మా వైపు ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్లు కోడిచీర, అంటే శవం మీద కప్పే కొత్త చీర, తేవాలి. మా నాన్న లేడు, నేనే తేవాలి. కోవిల్‌పట్టిలో చీరల దుకాణంలో సేల్స్‌మన్ పట్టువి, నూలువి పరిచాడు. చివరికి చూడకుండానే ఒకటి చూపించి కట్టమన్నాను.

పదహారో రోజు కర్మలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. మరుసటి ఉదయం బావ పత్తి చేనుకు బయలుదేరితే నేనూ వెంట నడిచాను. వాన పడి రెండు రోజులైంది. రేగడి మట్టి చెప్పులకు అట్టలు కట్టి కాళ్లు బరువెక్కాయి. గట్టు మీద ఆగి చెప్పేశాను. గొట్టం, చెక్కముక్క, అల్మారా మీది బ్యాటరీ, చీర, ఎలుక. ఏదీ దాచలేదు.

బావ కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన వంగి కాలికంటిన మట్టిని పుల్లతో గీకుతూ ఉండిపోయాడు.

"ఎన్ని వారాలు?" అన్నాడు.

"ఏడు బావా."

"వారానికి మూడు తూరులు. పోయేది, వచ్చేది." ఆగాడు. "ప్రతి తూరీ చెప్పెరా. నేను సాత్తూరు అంటిని. ఒక దినము కోపం వచ్చి, నోరు మూసుకొని పండుకో అంటిని. ఆ దినము సాత్తూరు దాటినాక ఆమె ఏమీ మాట్లాడలే. ముక్కుకి కొంగు పెట్టుకొని పండుకొనె. నేను అద్దములో చూస్తిని."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేయబోయాను. తోసేశాడు.

"దీన్ని నాకు ఏమిటికి చెప్తివి?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. అంతవరకు ఏ తప్పూ తెలియకుండా ఏడ్చుకుంటున్న మనిషికి దాన్ని అంటించాను.

ఊళ్లోకి తిరిగొచ్చాక, ఇంటి ముందు ఆయన ఒక మాటే అన్నాడు. "పాపకి చెప్పొద్దు."

పాప అంటే వాళ్ల ఒక్కతే కూతురు, నా మేనకోడలు. తిరునెల్వేలిలో బడిపంతులమ్మ. ఇద్దరు పిల్లలు.

ఏడాది దాకా చెప్పలేదు. మొదటి తద్దినానికి ఆమె వచ్చింది. వంటలయ్యాయి, ఆకులు వేశారు. బావ, నేను, ఆమె భర్త వరసగా కూర్చున్నాం. వడ్డిస్తూ ఆమె తల్లిని తలుచుకుంది. అమ్మ ఇలా వండేది, అలా తిట్టేది అని. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది.

"కడాన రొంబ చాదస్తం అయిపోయె అమ్మకి. ఫోన్ చేస్తే చాలు, కారులో వాసన, కారులో వాసన అని ఒకటే. పసిబిడ్డ మాదిరి ఏడ్చె ఒక దినము. నేను, మాత్ర వేసుకొని నిద్రపో మ్మా అంటిని."

బావ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు. ఈ మాట దాటిపోతుందిలే అనుకున్నాను. బావ మెల్లగా, "అది చాదస్తం కాదు మ్మా" అన్నాడు.

"ఏం నాయనా?"

ఆయన నా వైపు చూశాడు. చెప్పమని కాదు, చెప్పొద్దనీ కాదు. ఇక మోయలేనని చూశాడు. నేను ఎంగిలి చేత్తోనే, ఆ ఆకు ముందు కూర్చునే, ఆమెకు అంతా చెప్పాను. వాళ్ల నాన్నకు చెప్పినదానికంటే తక్కువ మాటల్లో చెప్పాను.

ఆమె చేతిలో సాంబారు గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టింది. అందులోని గరిటెను సరిచేసింది.

"నాకు ఫోన్ చేసె కదా మామా" అంది. "నాకు చెప్పె. నేను కూడా నమ్మలే."

"నీ తప్పు ఏముండాది తల్లీ..."

"నీవు మాట్లాడొద్దు" అంది.

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం బస్సుకు పిల్లల్ని తీసుకుని వెళ్లేటప్పుడు వెళ్లొస్తానని తండ్రికి తానే చెప్పింది, నాకు మాత్రం భర్త చేత చెప్పించింది.

అది జరిగి రెండేళ్లు దాటింది. నేను నెలకోసారి పాపకు ఫోన్ చేస్తాను. మోగి మోగి ఆగిపోతుంది. బావ కోవిల్‌పట్టి వచ్చినప్పుడు దుకాణానికి వస్తాడు. టీ తెప్పిస్తాను. వాన గురించి, మినుముల గురించి మాట్లాడతాడు. మనవరాలు పెద్దబడిలో చేరిందని, చిన్నవాడికి పళ్లు ఊడుతున్నాయని చెబుతాడు. ఆ కబుర్లు నాకు చెప్పమని ఆమె అనలేదు, చెప్పొద్దనీ అనలేదట. నేను వింటాను. టీ అయ్యాక ఆయన తువ్వాలు దులుపుకుని లేస్తాడు. నేను వాకిలి దాకా వెళ్లి, ఆయన బస్టాండు వైపు రోడ్డు దాటేదాకా నిలబడతాను.